నాస్తికుడిగా ఉంటూ, నమ్మకమున్న స్నేహితుడితో దేవుడి గురించి మాట్లాడొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీకు దేవుడి మీద నమ్మకం లేదు. ఇంటర్ నుంచీ కలిసి తిరిగిన స్నేహితుడికి గట్టి నమ్మకం. పోయిన కార్తీకంలో అతను అయ్యప్ప మాల వేసుకుంటే, "ఈ నలభై ఒక్క రోజులే బుద్ధిమంతుడివా, తర్వాత మళ్లీ బారేనా" అని మీరు అన్నారు. దాంతో అతను నెల రోజులు మీతో మాట్లాడలేదు. ఈ ఏడు మాల వేసుకునే ముందే, "అసలు నువ్వెందుకు నమ్మవు? ఒకరోజు కూర్చుని మాట్లాడుకుందాం" అని అతనే అన్నాడు. ఇరుముడికి రమ్మన్నాడు, వీలైతే శబరిమలకి తోడు కూడా రమ్మంటున్నాడు. మాట్లాడాలా, నవ్వేసి ఊరుకోవాలా, వెళ్లాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

మాట్లాడండి. కానీ "దేవుడున్నాడా, లేడా" దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. అతను ఏం చేస్తున్నాడో, అందులో అతనికి ఏం దొరుకుతోందో అడగండి. మీ సంగతి అడిగితే దాచకుండా రెండు మూడు మాటల్లో చెప్పండి. ఎవరి ఆరోగ్యానికో, డబ్బుకో, హక్కుకో దెబ్బ తగులుతుందనుకున్న చోట గట్టిగా వాదించండి. మిగతా చోట్ల వాదన గెలిచినా మీ చేతికి వచ్చేదేమీ లేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇదంతా గాల్లోంచి చెబుతున్నట్టు ఉంటుంది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. డిగ్రీ రోజుల నుంచీ దేవుడి మీద నమ్మకం లేదు. చాలాకాలం సెలవుల్లో పల్లెలు తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు ఇచ్చాను. మందారపువ్వు రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోసి ఎర్రటి రసం కార్చడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిప్పుల మీద నడవడం, అలాంటివి. అదే సమయంలో నాకు అందరికంటే దగ్గరి స్నేహితుడు మా కాలేజీలోనే జువాలజీ చెప్పేవాడు. ఏటా మాల వేసుకుంటాడు, ఇప్పుడు అతనే గురుస్వామి. సాయంత్రం టీ ఇప్పటికీ కలిసే తాగుతాం. ఇక నుంచి "మావాడు" అంటే అతనే.

ఉన్నాడా లేడా దగ్గర ఎందుకు మొదలుపెట్టొద్దంటున్నానంటే, ఆ వాదనలో ఇద్దరి డైలాగులూ ఇద్దరికీ ముందే కంఠతా వచ్చు. "గాలి కనబడుతుందా మరి?" అంటాడు అతను. "కనబడదు గానీ కొలవొచ్చు" అంటారు మీరు. "ఇంత సృష్టికి కర్త ఉండొద్దా?" "ఆ కర్తకి కర్త ఎవరు?" రెండో టీ పూర్తయ్యేసరికి ఇద్దరూ మొదలుపెట్టిన చోటే ఉంటారు, గొంతులు మాత్రం పెరిగి ఉంటాయి. అసలు మనలో ఎవరూ వాదనలు బేరీజు వేసుకుని భక్తులు కాలేదు. చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే అమ్మ మొక్కుకుంది, నాయనమ్మ సాయంత్రం దీపం పెట్టి పక్కన కూర్చోబెట్టుకుంది, వీధిలో అందరూ కలిసి పందిరి వేశారు. అలా వచ్చినదాన్ని వాదనతో తీసేయాలనుకోవడం ఫిజిక్స్ మాస్టారి దురాశ.

ఒక సంఘటన చెబుతాను. 2011 జనవరి 14 రాత్రి శబరిమల ఎదుటి కొండ మీద సంక్రాంతికి కనబడే మకరజ్యోతి చూసి తిరిగొస్తున్న జనం, ఆ దగ్గర్లోని పుల్లుమేడులో తొక్కిసలాటలో చిక్కుకుని వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కేరళ హైకోర్టు, ఆ వెలుగు మనుషులు వెలిగించేదా అని నిలదీసింది. పొన్నంబలమేడు అనే ఆ కొండ మీద దీపం వెలిగించేది మనుషులేనని, గుడి నిర్వహణ చూసే దేవస్వం బోర్డు ఒప్పుకుంది. ఆ వార్త వచ్చిన రోజు నేను పేపరు పట్టుకుని నేరుగా స్టాఫ్‌రూంకి వెళ్లాను. మావాడు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చి, "తెలుసు. మా గురుస్వామి ఎప్పుడో చెప్పాడు. అది హారతి. మనిషి వెలిగించకపోతే హారతి ఎవరు వెలిగిస్తారు?" అన్నాడు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాడు.

అతని నమ్మకం ఆ వెలుగు మీద ఆధారపడి లేదు. అయితే అందరూ ఇలాగే ఉంటారని అనుకోకండి. అతనితో పాటు వెళ్లే బంధువుల కుర్రాడొకడు మాత్రం ఆ వార్తకి కుదేలైపోయాడు. "ఇన్నేళ్లూ కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెట్టానే, ఒక్కరైనా చెప్పలేదే" అని బోర్డు మీద, గురుస్వామి మీద మండిపడ్డాడు. ఒకే మాల, ఒకే కొండ, లోపల మాత్రం రెండు వేరువేరు నమ్మకాలు. మీ స్నేహితుడిది ఏ రకమో మీకు తెలియదు, అడిగితేనే తెలుస్తుంది. తెలియకుండా వాదించడం మొదలుపెడితే, అతను అననే అనని మాటకి మీరు జవాబు చెబుతూ కూర్చుంటారు.

అందుకే ముందు అడగండి, అదీ నిజంగా తెలుసుకోవాలని అడగండి. మాల వేసుకున్నాక రోజు ఎలా గడుస్తుంది? ఏది కష్టం? మొదటిసారి ఎందుకు వేసుకున్నావ్? ఎవరు వేయించారు? లాయరు అడిగినట్టు కాదు. "అంటే నువ్వు ఒప్పుకుంటున్నావన్నమాట" అని మధ్యలో పట్టుకునే ఉద్దేశం ఉంటే అవతలివాడికి వెంటనే తెలిసిపోతుంది.

మావాడిని నేను ఈ ప్రశ్నలు అడిగింది ఒక రైలు ప్రయాణంలో. ముందు జోకులు వేశాడు. "మా ఇంట్లో నన్ను ఎవరూ తిట్టని సీజన్ ఇదొక్కటే. తిడితే స్వామిని తిట్టినట్టు." తర్వాత అసలు విషయం వచ్చింది. వాళ్ల నాన్న లారీ ఆఫీసులో గుమస్తా. బాగా తాగేవాడు. సాయంత్రం ఆయన చెప్పుల చప్పుడు వినబడితే పిల్లలు పెరట్లోకి వెళ్లిపోయేవాళ్లట. ఆయన ఒక ఏడు ఎవరి మాట మీదో మాల వేసుకున్నాడు. తెల్లవారుజామున లేచి చన్నీళ్లు పోసుకుని, నేల మీద చాప వేసుకుని పడుకుని, భార్యని కూడా "మాతా" అని పిలుస్తూ ఇంట్లో తిరిగాడు. రాత్రి పీఠం ముందు పిల్లల్ని కూర్చోబెట్టుకుని శరణుఘోష చెప్పించేవాడు. "నాకు నాన్న ఉన్నాడని తెలిసింది ఆ నలభై ఒక్క రోజులేరా" అన్నాడు. మాల తీసిన వారానికే ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. అయినా ఏటా ఆ మండల దీక్ష రోజుల కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్లట.

మీరన్న మాట మీ స్నేహితుడికి ఎందుకు గుచ్చుకుందో నాకు తెలియదు. కానీ "ఈ నలభై ఒక్క రోజులేనా" అన్న మాట చాలా ఇళ్లలో ఎక్కడ తగులుతుందో మాత్రం తెలుసు. ఆ కొద్ది రోజులైనా ఆగగలిగినందుకు వాళ్లకి గర్వం ఉంటుంది, ఆ తర్వాత ఆగలేమేమోనన్న సిగ్గు కూడా ఉంటుంది. మీరు రెండింటినీ ఒకేసారి కెలికారు. ఇందులో దేవుడి ప్రసక్తే లేదు. తాగుడు మానడం గురించి అతనితో మాట్లాడాలంటే మాట్లాడండి, అది మంచి సంభాషణే. కానీ దీక్ష మధ్యలో, నలుగురి ముందు, ఎత్తిపొడుపుగా కాదు.

ఇక్కడ గోరా గారి సంగతి గుర్తు చేసుకోవాలి. గోపరాజు రామచంద్రరావు, విజయవాడ నాస్తిక కేంద్రం పెట్టినాయన. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకి మార్చారు. నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. అలాంటాయన 1944 చివర్లో సేవాగ్రాం ఆశ్రమానికి వెళ్లి గాంధీని కలిశారు. అవతల రోజూ సాయంత్రం ప్రార్థన చేయించే గాంధీ. ఇద్దరూ దేవుడి ఉనికి మీద కుస్తీ పట్టలేదు. గోరా మాట్లాడింది బెంగాల్ కరువు గురించి. కలకత్తా వీధుల్లో తిండి అమ్మే దుకాణాల పక్కనే జనం ఆకలితో ప్రాణాలు వదిలేశారు, అంతా తలరాత అనుకోబట్టే చెయ్యి చాచి తీసుకోలేదు అన్నది ఆయన బాధ. అంటరానితనం పోవాలని తాను పల్లెల్లో చేస్తున్న పని గురించీ చెప్పారు. గాంధీకి ఆ పని అర్థమైంది. నా ఆస్తికత్వం ఒప్పని చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పని చెప్పలేను, ఇద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లమే అన్న అర్థంలో ఆయన అన్న మాట గోరా తర్వాత రాసిపెట్టారు.

అది ఉత్త మర్యాద మాట కాదు. గోరా తన పెద్ద కూతురిని దళిత యువకుడికి ఇచ్చి చేయాలనుకున్నప్పుడు, పెళ్లి సేవాగ్రాంలో చేద్దామని గాంధీ ముందుకొచ్చారు. ప్రమాణం దేవుడి పేరున కాకుండా సత్యం పేరున చేయించడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగాక, 1948 మార్చిలో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఇద్దరిలో ఏ ఒక్కరూ అవతలివాళ్ల వైపుకి రాలేదు. అంటరానితనం పోవాలి అన్న ఒక్క పనిలో కలిశారు, దాని చుట్టూ మాట్లాడుకున్నారు. మీకూ మీ స్నేహితుడికీ అలాంటి పని ఒకటి ఉందేమో చూసుకోండి. రక్తదానం కావచ్చు, ఊళ్లో బడి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. లేకపోతే మీ సంభాషణ మొత్తం దేవుడి మీదే పడుతుంది, ఆ బరువు మోయడం ఏ స్నేహానికైనా కష్టమే.

చావు ఇంట్లో, ఆసుపత్రి వరండాలో వాదించకండి. ఇది చెప్పనక్కర్లేదనుకుంటాం గానీ, మన హేతువాద మిత్రుల్లోనే కొందరు శవం లేవకముందే కర్మకాండ దండగ అని ఉపన్యాసం ఎత్తుకోవడం నా కళ్లతో చూశాను.

మావాడి నాన్న పోయినప్పుడు పదోరోజు కృష్ణ ఒడ్డుకి వెళ్లాం. పిండం పెట్టారు. కాకి రాదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరికో కోపమో మిగిలిపోయిందని మనవాళ్ల నమ్మకం. అరగంట దాటింది. బంధువులు ఒక్కొక్కరే ముందుకొచ్చి "అమ్మని బాగా చూసుకుంటాంలే", "చెల్లెలి పెళ్లి చేస్తాంలే" అని పిండానికి చెబుతున్నారు. మావాడు తండ్రితో చివరి రెండేళ్లూ సరిగ్గా మాట్లాడలేదు. నా చెయ్యి పట్టుకుని, "నా మీద కోపం పోలేదేమోరా" అన్నాడు. మూఢనమ్మకాల మీద నేను ఊరూరా ఇచ్చిన ఉపన్యాసాలన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి, ఒక్కటీ పనికొచ్చేలా లేదు. "ఇంతమంది చుట్టూ నిలబడితే ఏ కాకి దిగుతుంది? అందరం మెట్లెక్కి పైకి వెళ్దాం పదండి" అన్నాను. పైకి వెళ్లాం. కాసేపటికి ఒకటి వచ్చింది, దాని వెనక ఇంకో మూడు. అతను జువాలజీ చెప్పేవాడు, కాకుల సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. ఆ మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు అడిగాడు: "నాన్న ఇప్పుడు ఎక్కడున్నాడంటావ్?" ఇలా సూటిగా అడిగినప్పుడు ఏం చేయాలన్నది మీలాంటివాళ్లు నన్ను తరచుగా అడుగుతారు. అబద్ధం చెప్పొద్దు, అలాగని పాఠమూ చెప్పొద్దు. "నా జవాబు నీకు తెలుసు. ఈ రాత్రి మళ్లీ చెప్పమంటావా?" అన్నాను. వద్దన్నాడు. వాళ్ల నాన్న లారీ ఆఫీసు లెక్కలు, ఆయన చేతిరాత, ఆయన పాడే పాత పద్యాలు, వీటి గురించి మాట్లాడుకుంటూ పడుకున్నాం.

ఇప్పుడు రెండో వైపు. ఎక్కడ ఊరుకోకూడదో అక్కడ ఊరుకోకండి. మర్యాద పేరుతో నోరు మూసుకునే నాస్తికులంటే నాకు గౌరవం లేదు.

ఇంకో స్నేహితుడి తల్లి, క్రైస్తవ కుటుంబం. ఏళ్ల తరబడి షుగరు, ఇన్సులిన్ మీద ఉంది. ఎక్కడో స్వస్థత సభకి వెళ్లొచ్చి, వేదిక మీద ఆయన "నీకు నయమైంది" అన్నాడని ఇంజెక్షన్ మానేసింది. కొడుకు భయపడుతున్నాడు, తల్లికి ఎదురుచెప్పలేడు. నేను ప్రార్థన మాటే ఎత్తలేదు. "నయమైందంటే సంతోషమే కదమ్మా, ఒకసారి చూసుకుందాం" అని గ్లూకోమీటరు తెప్పించాను. సూది ఆవిడే గుచ్చుకుంది. అంకె నాలుగొందలు దాటింది. ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత నా మాట కంటే పనికొచ్చింది వాళ్ల సొంత సంఘం పాస్టరు గారి మాట. కొడుకు ఫోన్ చేస్తే ఆయన ఇంటికొచ్చి, "ప్రార్థన మానొద్దు, ఇంజెక్షన్ కూడా మానొద్దు" అని గట్టిగా చెప్పారు. ఆ రాత్రి నుంచే మళ్లీ వేసుకుంది. పాస్టరు గారు, పూజారి గారు, ఇమాం గారు, వీళ్లలో తెలివైనవాళ్లు చాలామంది ఉంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాళ్ల సాయం అడగడానికి నాస్తికుడికి నామోషీ ఉండక్కర్లేదు.

ఇదే పని విభూతితో, తాయెత్తుతో, మంత్రించిన నీళ్లతో చేసేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు. మంత్రాలతో, తాయెత్తులతో షుగరు లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు. అవసరమైతే స్నేహితుడికి ఆ చట్టం పేరు చెప్పండి. అది అతని దేవుడి మీద ఫిర్యాదు కాదు, ప్రకటన ఇచ్చినవాడి మీద.

హక్కుల విషయమూ అంతే. 2018 సెప్టెంబరులో శబరిమలకి అన్ని వయసుల ఆడవాళ్లూ వెళ్లొచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు నేనూ మావాడూ గొంతులు చించుకుని వాదించుకున్నాం. టీకొట్టు అతను మధ్యలోకి వచ్చి "మాస్టారూ, కొంచెం మెల్లగా" అనాల్సి వచ్చింది. నేను ఒక్క అడుగు కూడా తగ్గలేదు. అతనూ తగ్గలేదు. మరుసటి రోజు మళ్లీ అదే బల్ల మీద కూర్చున్నాం. పోట్లాటని తట్టుకునేంత గట్టిగా స్నేహం ఉంటే పోట్లాడొచ్చు. కాకపోతే ఏ విషయం మీద పోట్లాడుతున్నామో ఇద్దరికీ తెలిసుండాలి. మేం ఆ రోజు దేవుడి గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఇంకో హెచ్చరిక, ఇది చాలామందికి తట్టదు. మీరు హిందూ కుటుంబంలో పుట్టిన నాస్తికులనుకుంటాను. మీ మాల స్నేహితుడితో మాట్లాడటం వేరు, ముస్లిం స్నేహితుడితోనో క్రైస్తవ స్నేహితుడితోనో వాళ్ల మతం గురించి మాట్లాడటం వేరు. మీ దృష్టిలో మీరు ఏ మతానికీ చెందరు. అవతలివాడి చెవికి మాత్రం మీ పేరే ముందు వినబడుతుంది. బయట రోజూ తమ మతం గురించి నానా మాటలూ వింటున్నవాడికి, మీ హేతువాదం కూడా అందులో ఇంకో గొంతులాగే ఉంటుంది. నాకు తెలిసిన ఒక ఉర్దూ లెక్చరరు రంజాన్ నెలలో నాతో అన్నాడు: "సార్, మీరు మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం గురించి ఎంత అడుగుతారో, నన్ను రోజా గురించి అంతే అడగండి, సంతోషంగా చెబుతాను." న్యాయమైన లెక్క. అప్పటి నుంచీ ఏ విమర్శ అయినా ముందు మా ఇంటి వైపు తిప్పి చూసుకుని, తర్వాతే బయట అంటాను.

కొందరు మిత్రులు నన్ను కోప్పడతారు. శాస్త్రీయ దృక్పథం పెంచడం పౌరుడి బాధ్యత అని రాజ్యాంగంలోనే ఉంది కదా, మీరేమో మెత్తబడమంటున్నారు అని. నిజమే, 51ఎ అధికరణంలో ఉంది, 1976లో 42వ సవరణతో వచ్చింది. ఆ వాక్యంలోనే మానవతావాదం కూడా ఉంది. 25వ అధికరణం ఇచ్చే అంతరాత్మ స్వేచ్ఛ నమ్మేవాడికీ, నమ్మని నాకూ ఉమ్మడిది. పైగా నేను మెత్తబడమనడం లేదు. ప్రదర్శనలో బాబా వేషం వేసుకుని గుట్టు విప్పేటప్పుడు నేను ఏమాత్రం మొహమాటపడను. అక్కడ ఎదుట ఉన్నది మహిమ ఉందన్న మాట, దాన్ని పరీక్షించొచ్చు. టీకొట్టులో ఎదుట ఉన్నది మనిషి.

అలా పరీక్షించదగ్గ మాట వస్తే మాత్రం నోటితో కాకుండా చేత్తో చూపించండి. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగాడు, మీరు అప్పటికి పుట్టి ఉండకపోవచ్చు. మా వీధి గుడి ముందు కూడా పెద్ద వరుస. మావాడు గ్లాసుతో నిలబడ్డాడు. నేను తలతన్యత (సర్ఫేస్ టెన్షన్) గురించి చెబితే వినేవాడు కాదు. పాలలో చిటికెడు కుంకుమ కలిపి, చెంచా అతని చేతికే ఇచ్చాను. విగ్రహం తొండానికి చెంచా తగలగానే పాలు పైకి లాక్కున్నట్టు పోయాయి, తెల్లటి రాయి మీద సన్నటి ఎర్రచార మాత్రం కిందికి జారుతూ పీఠం దాకా కనబడింది. రంగు కలిపిన పాలతో శాస్త్రవేత్తలు టీవీలో చూపించింది కూడా ఇదే. అతను మళ్లీ ఒకసారి చెంచా పెట్టి చూసి, నవ్వి, వరుసలోంచి బయటికొచ్చాడు. వస్తూ వస్తూ వినాయకుడికి దండం పెట్టుకునే వచ్చాడు. నాకేం అభ్యంతరం? మహిమ అన్న మాట పోయింది, దండం అతని సొంతం.

ఇక అతను అడిగిన ప్రశ్న: "నువ్వెందుకు నమ్మవు?" దీనికి గంటసేపు చెప్పేంత మీ దగ్గర ఉంటుంది. చెప్పకండి. నేనైతే ఇలా అంటాను: "వెతికిన మేరకు నాకు ఆధారం కనబడలేదు. కనబడితే మార్చుకుంటాను. నువ్వు నమ్ముతావని నిన్ను తక్కువగా చూడను." అంతే. అతను ఇంకా అడిగితే ఇంకా చెప్పండి, అడిగినంతే. చదవమని పుస్తకాలు చేతిలో పెట్టొద్దు, వీడియో లింకులు పంపొద్దు. అతను పంపితే మాత్రం ఒకటైనా చూడండి.

"నీకు కష్టం వస్తే తెలుస్తుందిలే" అన్నది తప్పక వస్తుంది. దానికి ఉడుక్కోకండి. నాకు గుండెకి స్టెంట్ వేసినప్పుడు మావాడు బయట కూర్చుని తిరుపతికి మొక్కుకున్నాడు. నేను ఇంటికొచ్చాక కొండకి వెళ్లి గుండు చేయించుకుని, లడ్డూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను తిన్నాను (మా ఆవిడ చిన్న ముక్కే తిననిచ్చింది). థాంక్స్ చెప్పాను, మనస్ఫూర్తిగానే. నాకోసం అతను చేయగలిగింది అది. డాక్టరుకి చెప్పాల్సిన థాంక్స్ డాక్టరుకి చెప్పాను. "బతికించింది దేవుడా, డాక్టరా" అని ఆ రోజు పంచాయితీ పెట్టుకుని ఉంటే ఇద్దరికీ లడ్డూ చేదెక్కేది.

చోటు గురించి కూడా ఒక మాట. వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ వద్దు. అక్కడ అతను మీకు జవాబు చెప్పడు, చూస్తున్న మిగతావాళ్లకి చెబుతాడు. అతని భార్య ముందు, పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు కూడా వద్దు. బండి మీద వెళ్తున్నప్పుడో, రైల్లోనో, నడకలోనో మంచిది. ఎదురెదురుగా కూర్చుంటే పోటీలా ఉంటుంది, పక్కపక్కన ఉంటే మాట దానంతట అదే నడుస్తుంది. దీక్షలో ఉన్నప్పుడు కంటే దీక్షకి ముందో, మాల తీశాకో మాట్లాడటం మేలు. దీక్షలో కోపం తెచ్చుకోకూడదన్న నియమం ఉంటుంది. మీరు కెలికితే అతను నియమం తప్పినట్టవుతుంది, ఆ నేరం కూడా మీ మీదే పడుతుంది. అతను ముందే అడిగాడు కాబట్టి మీకు ఇదే సరైన సమయం.

"స్వామీ" అని పిలవాలా అంటే, నేను పిలుస్తాను. జడ్జిని "మైలార్డ్" అనే లాయరు ఆయన్ని దేవుడనుకోవడం లేదు కదా. మీకు నోరు రాకపోతే పేరు పెట్టి పిలవండి, కాకపోతే ముందు అతనితో ఒక మాట అనండి. భిక్షకి పిలిస్తే వెళ్లి తినండి, వంట అద్భుతంగా ఉంటుంది. హారతి కళ్లకద్దుకోవాలా, తీర్థం తీసుకోవాలా అన్నది మీ ఇష్టం. ఏదైనా ఒకటే పద్ధతి పెట్టుకోండి. ఒకరోజు తీసుకుని, ఇంకోరోజు నలుగురిలో తిరస్కరిస్తే అది అతన్ని అవమానించినట్టే ఉంటుంది.

ఇరుముడి కట్టేటప్పుడు ఇంట్లోవాళ్లూ స్నేహితులూ తలా గుప్పెడు బియ్యం సంచిలో వేస్తారు. కొబ్బరికాయలో నెయ్యి పోస్తారు. నేను బియ్యం వేస్తాను, శరణుఘోష చెప్పను. మావాడికి ఇది మొదటి ఏడే చెప్పేశాను, "నువ్వు వేస్తే చాలు, అరవడానికి బోలెడుమంది ఉన్నారు" అన్నాడు. మీరు ఎంతవరకు చేస్తారో, ఎక్కడ ఆగుతారో ఆ రోజు పొద్దున కాకుండా, ముందే అతనికి చెప్పండి. అప్పుడు గురుస్వామి మిమ్మల్ని పిలిచి ఏదైనా చేయమన్నా, అతనే సర్దుకుంటాడు.

ఇక శబరిమల ప్రయాణం. నా అభిప్రాయం అడిగితే, వెళ్లండి. మాల లేకుండా తోడు వెళ్లొచ్చు. ఇరుముడి లేనివాళ్లని పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు, పక్క దారిలో పైకి పంపిస్తారు. కాబట్టి అక్కడ మెట్టెక్కాలా వద్దా అన్న ధర్మసంకటం మీకు రానే రాదు. పంబ నుంచి పైకి దాదాపు ఐదు కిలోమీటర్ల నడక, నీలిమల ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అతను చెప్పులు లేకుండా ఎక్కుతుంటాడు. ఆ దారిలో మాట్లాడుకునే తీరిక దొరకదు, వచ్చేటప్పుడు రైల్లో దొరుకుతుంది. దర్శనానికి ఆన్‌లైన్ క్యూలో ముందే పేరు నమోదు చేసుకోవాలి, ఆ పని అతని మీద వదలకుండా మీరే చేసిపెట్టండి. రైలు టికెట్లు మాత్రం ఇప్పుడే చూసుకోండి. సీజన్ మొదలయ్యాక, శబరిమలకి వెళ్లేవాళ్లు దిగే చెంగన్నూరు వైపు బెర్తులు దొరకడం కష్టం.